ఊరి వాట్సాప్ గ్రూపులో పార్టీల గొడవ: అడ్మిన్ చేతిలో ఉన్నదేంటి?

కరెంటు కోతలు, నీళ్ల ట్యాంకర్ కబుర్ల కోసం పెట్టుకున్న 400 మంది గ్రూపు పార్టీ పోస్టులతో నిండిపోయిందని, "రాజకీయాలు వద్దు" అని రాసినా ఆగట్లేదని, పక్కిళ్లవాళ్లకు మాటలు కూడా లేవని, ఏం చేయాలని ఒక అడ్మిన్ అడిగారు.

ఆ రూలు ఎక్కడా నిలబడదండీ. పింఛను, బోరు, ఉపాధి హామీ పని, ఏది ఎత్తినా రాజకీయమే. సర్పంచి ఎన్నికలో పార్టీ గుర్తులు ఉండవన్న మాటే గానీ ఎవరు ఎవరి మనిషో ఊరందరికీ తెలుసు. కాలవ తీయలేదని ఫొటో పెట్టినా ఒక వర్గానికి తగులుతుంది. అరుగు మీద మాట జారితే పక్కనున్నవాడు "ఊరుకోవయ్యా" అని సర్దేస్తాడు. గ్రూపులో అంతమంది చూస్తుండగా తగ్గడం ఎవరికైనా నామోషీయే. ఈలోగా స్క్రీన్‌షాట్ ఇంకో గ్రూపుకు చేరిపోతుంది.

ముందు గ్రూపును రెండు చేయండి. ఒకటి కరెంటు, నీళ్ల కబుర్లకే. దాని పర్మిషన్స్‌లో సభ్యులు మెసేజ్ పంపే వీలు ఆపేసి, అడ్మిన్లకే ఉంచండి. అడ్మిన్లుగా రెండు వర్గాల నుంచి ఒక్కొక్కరు, ఏ జెండా పట్టని మాస్టారు లాంటివారు ఒకరు ఉండాలి. అందరూ ఒకవైపు వాళ్లే అయితే పోస్టు తీసేయడం కూడా పార్టీ పనే అవుతుంది, అలిగినవాళ్లు పోటీ గ్రూపు పెడతారు.

రెండోది మాటల గ్రూపు. పథకాన్ని, పనిని, నాయకుణ్ని ఎంతైనా విమర్శించనివ్వండి. కులం, మతం, ఇంటి ఆడవాళ్ల ప్రస్తావన వస్తే మాత్రం తీసేయాలి. తీసేశాక గ్రూపులో మందలించకండి, ఫోన్ చేయండి. మొదటిసారికే గ్రూపు నుంచి తీసేస్తే ఆయనకు వీరుడి హోదా ఇచ్చినట్టే. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా మెసేజ్‌లు ఆపేస్తే సగం తలనొప్పి తగ్గుతుంది.

రెండు బాణాల గుర్తున్న మెసేజ్ కనీసం ఐదు చేతులు మారి వచ్చినట్టు. 2020 ఏప్రిల్ నుంచి దాన్ని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపగలం. ఎక్కడిదో చెప్పకుండా పెడితే తీసేయండి. అయితే కాపీ చేసి అతికిస్తే ఆ గుర్తు పోతుంది, కాబట్టి దాన్నే నమ్ముకోలేం. వే2న్యూస్ అనే వార్తల యాప్ పేరుతో దొంగ క్లిప్పింగులు చాలా తిరుగుతుంటాయి. కింద ఉన్న లింకు తెరిస్తే అసలు వార్త వేరే ఉంటుంది. వీడియో అయితే ఒక ఫ్రేమును స్క్రీన్‌షాట్ తీసి, ఫొటోతో వెతికే గూగుల్ లెన్స్‌లో వెతికితే పాతదో కాదో చాలాసార్లు తేలిపోతుంది.

భయం పుట్టించే పుకారుకు గ్రూపులో జవాబిస్తే చాలదు, ఎందుకంటే నోటిమాటగా విన్నవాళ్లు అందులో ఉండరు. 2018లో పిల్లల్ని ఎత్తుకెళ్లే ముఠా పుకార్లు రేగినప్పుడు గద్వాల ఎస్పీ రెమా రాజేశ్వరి పోలీసులను ఊళ్లకు పంపి, డప్పులతో, పాటలతో చెప్పించారు. మీరూ మైకులో చెప్పించండి.

సభ్యుడి పోస్టుకు అడ్మిన్‌ను నేరస్థుణ్ని చేయలేమని 2022 ఫిబ్రవరిలో కేరళ హైకోర్టు అంది. అది చూసి ధీమా పడొద్దు. కులమతాల మధ్య చిచ్చు పెట్టే పోస్టు మీద భారతీయ న్యాయ సంహిత 196వ సెక్షన్ కింద కేసు పెట్టొచ్చు. తీసేసే ముందు నంబరు, టైము కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోండి.

పోలింగ్‌కు ముందు 48 గంటలు మాటల గ్రూపు కూడా మూసేయండి. లెక్కింపు రోజు కూడా మూసేయడం మర్చిపోకండి, అందరూ మర్చిపోయేది అదే. ఓడినవాడి ఇంటి ముందు టపాకాయలు కాల్చిన వీడియోలు ఆ సాయంత్రమే వస్తాయి. మర్నాడు పొద్దున తెరిస్తే చాలు.