తాతయ్య కంప్యూటర్ మీద చెయ్యి వేసేముందు

బుజ్జీ,

తాతయ్య పాత ల్యాప్‌టాప్‌లో విండోస్ బదులు వాడే లైనక్స్ మింట్ ఎక్కించి, ఐకాన్లూ థీమూ మార్చి కొత్తదానిలా చేస్తావట కదా. మీ అమ్మ చెప్పినప్పటి నుంచి సంతోషంగా ఉంది, గుబులుగానూ ఉంది. మనింట్లో నా తర్వాత లైనక్స్ ముట్టుకున్నది నువ్వే.

ముందు ఫోటోలన్నీ పెన్‌డ్రైవ్‌లోకి తీసిపెట్టు. మింట్‌లో ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం ఎక్కించు, పాత మిషన్ మీద తేలిగ్గా నడుస్తుంది. ఐకాన్లంటావా, సెట్టింగ్స్‌లో అప్పియరెన్స్‌కి వెళ్తే ఒక్క క్లిక్కుతో అన్నీ మారిపోతాయి. అంత సులువు కాబట్టే నా భయం.

2015లో అమ్మమ్మ కంప్యూటర్‌కి నేనూ ఇదే పని చేశాను. అప్పుడు మీరు మస్కట్‌లో ఉండేవాళ్లు. రోజూ రాత్రి తొమ్మిదింటికి అమ్మమ్మ స్కైప్ తెరిచేది. ఇంగ్లీషు అక్షరాలు రావు. నీలం మబ్బు, అందులో మెలిక తిరిగిన తెల్ల పాము. అది నొక్కితే నువ్వు పళ్లూడిన నోటితో నవ్వుతూ కనిపిస్తావని మాత్రం తెలుసు. నారింజ రంగు నక్క అంటే భక్తి పాటలు. నేనో ఆదివారం వెళ్లి, తెర అందంగా ఉండాలని కొత్త ఐకాన్ ప్యాక్ వేశాను. అన్నీ ఒకే సైజు గుండ్రాలు, అన్నీ బూడిద రంగు, మధ్యలో సన్నటి గీతలు. నాకు తెగ నచ్చింది. "బాగుందా అమ్మా?" అంటే "బాగుందే" అంది.

పదకొండు రోజులు మీ ముఖాలు చూడలేదు. మీ అమ్మ ఫోన్ చేస్తే నెట్ రావట్లేదని చెప్పిందట. నేను వెళ్లేసరికి కంప్యూటర్ ముందే కూర్చుని ఉంది. బాణాన్ని ఒక గుండ్రం మీంచి ఇంకో గుండ్రం మీదికి జరుపుతోంది, నొక్కట్లేదు. "ఏది నొక్కితే ఏం పాడవుతుందో" అంది. నన్ను అడగొచ్చుగా అని కసిరాను. "ముచ్చటపడి చేశావు, ఎలా చెప్పనే" అంది. ఆ స్కైప్ కూడా 2025 మేలో మూతపడింది. ఆ మాట మాత్రం నన్ను వదల్లేదు.

తాతయ్యదీ అదే తీరు, అడగడు. అందుకే ఏ బొమ్మని ఏమని గుర్తుపెట్టుకున్నాడో ముందు కూర్చుని అడుగు. ఆయన రోజూ వాడే ఆ నాలుగైదింటి జోలికి వెళ్లకు. మిగతావాటికి రంగులున్న ఐకాన్ ప్యాక్, పాపిరస్ అని ఒకటుంది, అలాంటిది వేసుకో. బాగా పాతవి వద్దు. 2020 డిసెంబర్‌లో వచ్చిన ఎక్స్‌ఎఫ్‌సీఈ 4.16లో దాని సొంత ప్రోగ్రాముల ఐకాన్ల పేర్లు మార్చేశారు. పాత ప్యాకుల్లో ఆ పేర్లు ఉండవు, కొన్ని బొమ్మలు మారి కొన్ని మారక కలగాపులగం అవుతుంది.

ఒక్కదాని బొమ్మే మార్చాలంటే సిస్టమ్ ఫోల్డర్లో దిద్దకు, అప్‌డేట్ వచ్చినప్పుడు పోతుంది. ఆ ప్రోగ్రాం పేరూ బొమ్మా రాసి ఉండే డెస్క్‌టాప్ ఫైల్‌ని హోమ్‌లో దాగి ఉండే లోకల్ ఫోల్డర్లో, షేర్ కింది అప్లికేషన్స్‌లోకి కాపీ చేసి అక్కడ ఐకాన్ వరుస మార్చు. పేరు వరుసలో తెలుగులోనే "బుజ్జితో మాట" అని రాయి. ఫాంట్ నోటో సాన్స్ తెలుగు పెట్టి, సైజు 13 కంటే తగ్గించకు. చిన్నదైతే వత్తులు ఆయన కంటికి ఆనవు.

అంతా అయ్యాక నువ్వు పక్కగదిలో కూర్చుని, ఆయన్నే నీకు కాల్ చెయ్యమను. తడబడితే పరిగెత్తి చూపించెయ్యకు, ఏ బొమ్మ దగ్గర ఆగాడో అడిగి రాసుకో. ఆ రాత్రి తొమ్మిదింటికి నాకు ఫోన్ చెయ్యి, మేలుకునే ఉంటాను.

మీ పెద్దమ్మ