గాలం కబుర్లు: ఫ్రిస్కోకి కొత్త, క్రాపీ ఎక్కడ?

ప్రశ్న: నమస్కారమండీ. పోయిన నెలలో ఎడిసన్ నుంచి టెక్సస్‌లోని ఫ్రిస్కోకి మారాం. న్యూజెర్సీలో ఉండగా హోపట్‌కాంగ్ లేక్‌లో క్రాపీ చేపలు బాగానే పట్టేవాణ్ణి. ఇక్కడ ఎటు చూసినా లేకులే, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. ఫేస్‌బుక్ గ్రూపులో అడిగితే ఒక్కరూ చోటు చెప్పలేదు. నాకు బోటు లేదు. మార్చిలో భీమవరం నుంచి నాన్నగారు వస్తున్నారు. ఆయన్ని తీసుకెళ్ళాలని ఉంది. అన్నట్టు, క్రాపీతో పులుసు బాగుంటుందా?
– ఒక పాఠకుడు, ఫ్రిస్కో

జవాబు: గ్రూపులో చోటు ఎవరు చెప్తారండీ! వెనకాల చెట్లు కూడా కనపడకుండా బ్లర్ చేసి ఫోటో పెట్టే జాతి అది. అందులో నేనూ ఒకణ్ణి. మీరు అడగాల్సింది లోతు. లేక్ దగ్గర బెయిట్ షాపుకెళ్ళి ఓ డజను మిన్నోలు, అంటే ఎరకి వాడే బుల్లి చేపలు, కొని, డబ్బులిస్తూ అడగండి: "ఈ వారం ఎన్ని అడుగుల్లో ఉన్నాయి? మిన్నోకి పడుతున్నాయా, జిగ్‌కా?" జిగ్ అంటే తలబరువున్న గాలానికి తొడిగిన ఉత్తుత్తి ఎర. మీ ప్రశ్నకి సంతోషంగా చెప్తారు, వాళ్ళకి మిన్నోలు అమ్ముడుపోవాలిగా. లోతు తెలిసిందంటే మిగతాది మీ కళ్ళే చెప్తాయి. ఆ లోతులో కొమ్మో, మోడో, స్తంభమో, దేని నీడ ఉంటే దాని పక్కన క్రాపీ ఉంటుంది. ఖాళీ నీళ్ళలో గంటలకొద్దీ బెండు వంక చూస్తూ కూర్చోవద్దు. పావుగంటలో లాగకపోతే లేచి పక్క కొమ్మ దగ్గరికి నడవండి.

మీ నాన్నగారు మంచి వేళకే వస్తున్నారు. నీళ్ళ వేడి అరవై డిగ్రీల ఫారన్‌హీట్ దాటితే క్రాపీలు గుడ్లు పెట్టడానికి గట్టుకి చేరతాయి. ఉత్తర టెక్సస్‌లో అది మార్చి, ఏప్రిల్ మాట. రెండు నుంచి ఆరడుగుల నీళ్ళలో ఉంటాయి కాబట్టి బోటు లేనివాడికి అదే పండగ. గాలి తగలని పాయలు చూసుకోండి. ఉత్తరపు గట్టు ఎండకి ముందుగా వేడెక్కుతుంది, అక్కడ మొదలుపెట్టండి. మధ్యలో చలిగాలి దిగితే మాత్రం చేప ఒకటి రెండు రోజులు వెనక్కి, లోతుకి జారుకుంటుంది. అప్పుడు బెండు ఇంకాస్త పైకి జరిపి, ఎరని లోతుకి దించాలి. మే దాటాక అన్నీ లోతుకి, వంతెన స్తంభాల కిందికి పోతాయి. లూయిస్‌విల్ లేక్‌లో ఐ-35ఈ వంతెన కింద వేసవి రాత్రుళ్ళు లైట్లు దించుకుని కూర్చునే బోట్లన్నీ వాటి కోసమే.

మీకు దగ్గర లూయిస్‌విల్ లేకే. కానీ నాన్నగారితో మొదటిసారి వెళ్ళేటప్పుడు పైలట్ పాయింట్ దగ్గర రే రాబర్ట్స్ లేక్ స్టేట్ పార్కుకి వెళ్ళండి, అందులో ఐల్ డు బ్వా అనే భాగానికి. దీనికో కారణం ఉంది. టెక్సస్‌లో పదిహేడేళ్ళు నిండినవాళ్ళకి లైసెన్స్ ఉండాలి. ఇక్కడ ఆగకుండా ఆరు నెలలు ఉంటే తప్ప రెసిడెంట్ రేటు రాదు. అంటే మీరూ నాన్నగారూ ఇద్దరూ నాన్-రెసిడెంటే. కానీ స్టేట్ పార్కు లోపల గట్టు మీంచో నీళ్ళలోకి కట్టిన పియర్ మీంచో గాలం వేసేవాళ్ళకి లైసెన్స్ అక్కర్లేదు, పార్కు ఎంట్రీ ఫీజు కడితే చాలు. ఈ సంగతి తెలియక ఎంతమంది అనవసరంగా కొంటారో!

మరో సాయం ప్రభుత్వమే చేసిపెట్టింది. టెక్సస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ చాలా లేకుల్లో చేపల కోసం కొమ్మల కట్టలూ, ప్లాస్టిక్ గూళ్ళూ ముంచి, అవి ఎక్కడున్నాయో జీపీఎస్ అంకెలతో సహా వెబ్‌సైట్లో పెట్టింది. ప్రతి వారం లేక్‌వారీగా రిపోర్టు కూడా ఇస్తుంది. గ్రూపులో బతిమాలుకునే బదులు అది చదవండి.

పట్టే పద్ధతి గురించి ఒక్కమాట. నేను కొల్లేరు పక్కన పెరిగినవాణ్ణి. మా దగ్గర కొరమేను ఎర మింగిందంటే బలంగా గుంజి లాగాలి. మీ నాన్నగారికీ అదే అలవాటై ఉంటుంది. ముందే చెప్పండి, క్రాపీ మూతి కాగితంలా పల్చన, గుంజితే చిరిగి చేప పోతుంది. కర్ర నెమ్మదిగా ఎత్తితే చాలు. ఎర ఎప్పుడూ చేపకి కాస్త పైనే ఉండాలి. దాని కళ్ళు పైకే చూస్తాయి, కిందున్నది పట్టించుకోదు. గాలం సన్న తీగది వాడండి. కొమ్మకి తగులుకున్నా లాగితే వంగి వచ్చేస్తుంది, దాన్ని వేళ్ళతో సరిచేసి మళ్ళీ వెయ్యొచ్చు.

మామూలుగా పది అంగుళాలకి తక్కువది వదిలెయ్యాలి. మనిషికి రోజుకి ఇరవై ఐదు, తెల్ల క్రాపీ, నల్ల క్రాపీ రెండు రకాలూ కలిపి. తూర్పున లేక్ ఫోర్క్‌లో మాత్రం డిసెంబరు నుంచి ఫిబ్రవరి ఆఖరుదాకా రూలు తిరగబడుతుంది: చిన్నదైనా సరే వదలకూడదు, పట్టిందల్లా లెక్కలోకి వస్తుంది. చలికాలం అంత లోతునుంచి పైకి లాగిన చేప వదిలినా చాలావరకు బతకదు, అందుకని. ఇంకోటి, మిన్నోల బకెట్లో ఒక లేక్ నీళ్ళు ఇంకో లేక్‌లో పొయ్యకండి. 2009లో టెక్సోమా లేక్‌లో కనపడ్డ జీబ్రా మసెల్ అనే ఆల్చిప్ప రే రాబర్ట్స్‌కీ, లూయిస్‌విల్‌కీ పాకింది. బయల్దేరేముందు బకెట్ అక్కడే ఒంపెయ్యాలని చట్టం కూడా ఉంది.

పులుసు సంగతా? వద్దు. క్రాపీ కండ తెల్లగా, పల్చగా, మెత్తగా ఉంటుంది. చింతపండు పులుసులో ఉడికితే విడిపోయి గిన్నె అడుగున పీచు మిగులుతుంది. ముళ్ళు తీసిన ముక్కలకి ఉప్పు, కారం, పసుపు, కాస్త అల్లం వెల్లుల్లి పట్టించి, బియ్యప్పిండి అద్ది పెనం మీద వేయించండి. రెండువైపులా ఎర్రబడగానే తీసెయ్యాలి. నాన్నగారు పులుసే కావాలంటే లూయిస్‌విల్‌లో బ్లూ క్యాట్‌ఫిష్ ఉంది, దానికి గాలం అడుగుకి వెయ్యండి.