కొమరయ్య స్మారకానికి 'జాతీయ' హోదా వస్తుందా?

ప్రశ్న: తెలంగాణ సాయుధ పోరాటంలో తొలి అమరుడు దొడ్డి కొమరయ్యకు ఆయన ఊరు కడవెండిలో జాతీయ స్మారకం కావాలని సంతకాలు సేకరిస్తున్నాం. ముందు మెయిన్‌రోడ్డు మీద విగ్రహం పెట్టి, తర్వాత ఢిల్లీకి రాద్దామనుకుంటున్నాం. చట్టం ఒప్పుకుంటుందా?
- ఒక పాఠకుడు, జనగామ జిల్లా

జవాబు: విగ్రహం ఆలోచన ఆపండి. రోడ్లు, ఫుట్‌పాత్‌లు, ప్రజలు వాడుకునే స్థలాల్లో విగ్రహాలకు అనుమతి ఇవ్వొద్దని 2013 జనవరి 18న సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. రాత్రికి రాత్రి గద్దె కడితే తొలగిస్తారు, పైగా కేసు మీ కుర్రాళ్ల మీద పడుతుంది.

ఇక 'జాతీయ' అన్న మాట. 1958 పురాతన కట్టడాల చట్టం ప్రకారం జాతీయ ప్రాముఖ్యం గల కట్టడంగా ప్రకటించాలంటే అది కనీసం నూరేళ్ల నుంచి ఉన్నదై ఉండాలి. కొమరయ్య అమరుడైంది 1946 జూలై 4న. ఆయన పేరిట ఇప్పుడు కట్టేదేదీ ఈ చట్టం కిందికి రాదు. ఆనాటి గడీకి (దొరల కోటలాంటి ఇంటికి) నూరేళ్లు దాటాయని రికార్డుతో చూపగలిగితే దానికి ఆ హోదా అడగొచ్చు. కానీ ప్రకటించాక చుట్టూ 100 మీటర్లలో కొత్త కట్టడం నిషేధం, ఆపై 200 మీటర్లలో అనుమతి తప్పనిసరి. పక్కిళ్ల వాళ్లను ముందే ఒప్పించకపోతే, నోటీసు వచ్చిన రెండు నెలల్లో అభ్యంతరాలు పెట్టేది వాళ్లే.

కాబట్టి మీరు అడగాల్సింది ప్రభుత్వ ఖర్చుతో కట్టే కొత్త స్మారకం. అది ప్రభుత్వ నిర్ణయం, హక్కుగా కోర్టులో సాధించేది కాదు. వినతిపత్రంపై నిర్ణయం తీసుకోమని మాత్రం హైకోర్టు చెప్పగలదు, 226 అధికరణం కింద.

ఇలాంటివి ఎక్కువగా ఆగిపోయేది భూమి దగ్గరే. ప్రభుత్వ భూమైతే పంచాయతీ తీర్మానంతో తహసీల్దార్ ద్వారా కలెక్టర్‌కు వెళ్లాలి. ఎవరైనా దానమిస్తే ఇద్దరు సాక్షులతో దానపత్రం రిజిస్టర్ కావాలి. తెల్లకాగితం మీద రాసిస్తే రేపు వారసులు అడ్డం తిరుగుతారు. అది ప్రభుత్వం పేదలకిచ్చిన అసైన్డ్ భూమి అయితే 1977 చట్టం ప్రకారం దానం చెల్లదు. పహాణీ (భూమి రికార్డు) చూడకుండా శంకుస్థాపన పెట్టుకోకండి.

చందాలు వ్యక్తుల ఖాతాల్లోకి వద్దు. కనీసం ఏడుగురితో సొసైటీ రిజిస్టర్ చేసి దాని పేరు మీదే ఖాతా తెరవండి.

వినతిపత్రాన్ని రాష్ట్ర ప్రభుత్వానికీ, కేంద్ర సంస్కృతి శాఖకూ స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. బదులు రాకపోతే 10 రూపాయలతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, గడువు 30 రోజులు. 'ఎందుకు కట్టలేదు' అని అడిగితే తిప్పి పంపుతారు. 'ఫలానా తేదీ వినతిపై తీసుకున్న చర్య, ఫైలులోని నోట్ల నకళ్లు ఇవ్వండి' అని రాయండి.