రబ్బరు చైన్ ట్రాక్టర్ కొనాలా, అద్దెతోనే నడపాలా?

ప్రశ్న: అమలాపురం దగ్గర మాకు ఆరెకరాల కొబ్బరి తోట ఉంది, మధ్యలో కోకో. వానల్లో టైరు ట్రాక్టర్ దిగబడిపోతోంది. టైర్లకు బదులు రబ్బరు పట్టా మీద నడిచే చిన్న ట్రాక్టర్, అదే రబ్బరు చైన్ ట్రాక్టర్, 9 లక్షలంటున్నారు. చేతిలో 3 లక్షలున్నాయి, మిగతాది 11 శాతం వడ్డీకి ఐదేళ్ల అప్పు. నిరుడు అద్దె ట్రాక్టర్లకు 45 వేలయింది. కొనమంటారా?

జవాబు: ఇప్పుడే వద్దండి. 6 లక్షల అప్పుకు ఆరు నెలలకోసారి కట్టే కిస్తీ దాదాపు 79,600. అంటే ఏడాదికి లక్షా 59 వేలు, మీ అద్దెకు మూడున్నర రెట్లు. డీజిల్, డ్రైవర్ కూలి, రిపేర్లు దీని పైన.

నలుగురి తోటల్లో తిప్పి రాబట్టుకుందామని మీకు అనిపించొచ్చు. చైన్ బండితో చిక్కు అక్కడే. తారు రోడ్డు మీద నడిపితే రబ్బరు త్వరగా అరిగిపోతుంది. వరికోత చైన్ మిషన్లను లారీ ఎక్కించి తిప్పడం మీరు చూస్తూనే ఉంటారు. కోతల్లో ఆ కిరాయి గిట్టుతుంది, గంటసేపు రోటవేటర్ (మట్టిని గుల్లచేసే పరికరం) పనికి గిట్టదు. పైగా అద్దె మీద వచ్చే డబ్బు వ్యవసాయ ఆదాయం కాదు, పన్ను లెక్కలోకి వస్తుంది.

చైన్ బండికి మంచి గుణం లేకపోలేదు. బరువు పరుచుకుంటుంది కాబట్టి తడి నేలలో అంతగా దిగబడదు, మట్టి కూడా అంతగా గట్టిపడదు. కానీ ఉన్నచోటే తిప్పితే చైన్ నేలను గీరేస్తుంది. కొబ్బరి వేళ్లు ఎక్కువగా మొదలు చుట్టూ రెండు మీటర్లలోనే, పైపైనే ఉంటాయి. అందుకే డెమో ఖాళీ స్థలంలో కాదు, మీ తోటలో, కోకో కొమ్మల కింద, వానపడ్డ మర్నాడు చేయించండి.

నిరుడు బురద వల్ల ఎన్ని రోజుల పని నిజంగా ఆగిందో రాసి చూడండి. నాలుగైదు రోజులే అయితే నేల ఆరేదాకా ఆగి, అద్దెకే చేయించుకోండి. నెలల తరబడి ఆగుతుంటే పక్క తోటల రైతులు ఇద్దరు ముగ్గురితో కలిసి కొనండి. తోటలు ఆనుకుని ఉంటే రోడ్డెక్కే పనే ఉండదు.

సెకండ్ హ్యాండ్ చూపిస్తే చైన్ తిప్పే పళ్లచక్రం చూడండి. పళ్లు సూదిగా అరిగినా, రబ్బరు పగుళ్లలోంచి ఉక్కు తీగలు కనబడినా అది చవక బేరం కాదు.

ఒక్కమాట గట్టిగా చెబుతాను: పంట రుణం తీసి డౌన్ పేమెంట్ కట్టకండి. 3 లక్షల లోపు పంట రుణం గడువులోగా తీరిస్తేనే వడ్డీ 4 శాతానికి దిగుతుంది. ఆ డబ్బు బండిలో ఇరుక్కుంటే గడువూ పోతుంది, ఎరువులకు చేతిలో పైసా ఉండదు. ఏళ్ల తరబడి కిస్తీల్లో తీర్చే ట్రాక్టర్ అప్పుకు (టర్మ్ లోన్) ఆ రాయితీ లేదు. సబ్సిడీ సంగతి రైతు సేవా కేంద్రంలో అడిగి, మంజూరయ్యాకే అడ్వాన్సు ఇవ్వండి. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. మీ కొటేషన్ అంతకుముందుదైతే కొత్తది రాయించుకోండి.

కలిసి కొనే పక్షంలో కిస్తీ మూడు నెలలకోసారి పెట్టమని బ్యాంకును అడగండి. కొబ్బరికాయల దింపు (కోత) డబ్బు ఏడాది పొడవునా వస్తుంటుంది కాబట్టి మీకు అదే వీలు, వడ్డీ కూడా కాస్త తగ్గుతుంది.