రీ: ల్యాబ్ టబ్బులో నానో బీడ్స్ (కంటికి కనపడనంత చిన్న ప్లాస్టిక్ పూసలు) వేసిన రోజే చేపలు మేత మానేశాయి, ఇది నానో ఎఫెక్టేనా?

మొదటి రోజే బొచ్చె పిల్లలు మేత ముట్టలేదంటే అది ప్లాస్టిక్ పని కాకపోవచ్చు, ముందు బాటిల్ లేబుల్ చూడండి, కొన్న పాలీస్టైరిన్ (ఒక రకం ప్లాస్టిక్) బీడ్స్‌లో చాలావాటికి పాడవకుండా సోడియం అజైడ్, ముద్దకట్టకుండా సర్ఫాక్టెంట్ (సబ్బులాంటి పదార్థం) కలిపే ఇస్తారు. అజైడ్ చేపలకి విషం.

1. స్టాక్‌ని (బాటిల్‌లోని బీడ్స్ ద్రవాన్ని) డయాలిసిస్ ట్యూబ్‌లో, అంటే సన్న రంధ్రాల పొర గొట్టంలో పోసి డీఅయనైజ్డ్ వాటర్‌లో (లవణాలు తీసేసిన నీళ్లలో) పెట్టండి, నీళ్లు మారుస్తూ ఉండండి. బీడ్స్ లోపలే ఉండి అజైడ్ బయటి నీళ్లలోకి పోతుంది. ఆ నీళ్లు సింక్‌లో పారబోయకండి, ల్యాబ్ వేస్ట్ క్యాన్‌లోకే.

2. అందరూ వదిలేసేది ఇదే. ఉత్త నీళ్ల కంట్రోల్ (పోల్చి చూడ్డానికి బీడ్స్ వెయ్యని టబ్బు) ఒక్కటే సరిపోదు. డయాలిసిస్ చెయ్యని స్టాక్ కొంచెం తీసి, అల్ట్రాఫిల్టర్‌తో (నానో కణాల్నీ ఆపే అతిసన్న వడపోతతో) బీడ్స్ తీసేసి, మిగిలిన ద్రవాన్ని అదే డోసులో ఇంకో టబ్బులో వెయ్యండి. అక్కడా మేత మానేశాయంటే దోషం కెమికల్‌దే, బీడ్స్‌ది కాదు.

3. తిన్నాయా లేదా అని కాకుండా, లెక్కపెట్టి గుళికలు వేసి ఎంతసేపట్లో అయిపోయాయో స్టాప్‌వాచ్ పెట్టి చూడండి. స్వీడన్ లుండ్ యూనివర్సిటీ వాళ్ల 2012 పేపర్‌లో నాచు, దాన్ని తినే డాఫ్నియా (నీటి ఈగ) మీదుగా నానో కణాలు తిన్న కార్ప్ చేపలు మేత మానలేదు, పూర్తిచెయ్యడానికి రెట్టింపు కన్నా ఎక్కువ టైమ్ తీసుకున్నాయి అంతే. మీరు నేరుగా నీళ్లలో కలిపారు కాబట్టి వాళ్ల రిజల్ట్‌తో పోల్చి రాయకండి.