ఎమైలేజ్ పాఠం చెప్పబోయే మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి ఆశీస్సులు.

పిల్లలకు ఎమైలేజ్ పాఠం చెప్పి, ప్రయోగం కూడా చేసి చూపాలన్నావు. ముందు పేరు దగ్గరే కాసేపు ఆగమ్మా. బోర్డు మీద ఎమైలోజ్, ఎమైలేజ్ అని పక్కపక్కన రాయి. తేడా అంతా ‘ల’ మీద గుర్తులోనే ఉంది. ఓత్వం ఉన్నది పదార్థం, అంటే పిండిపదార్థమైన స్టార్చ్‌లో ఒక భాగం. ఏత్వం ఉన్నది దాన్ని విడగొట్టే ఎంజైమ్, అంటే జీవుల్లో రసాయన మార్పులను వేగంగా జరిపించే ప్రోటీను. మాల్టోజ్ అనే చక్కెరకు మాల్టేజ్, లాక్టోజ్ అనే చక్కెరకు లాక్టేజ్ కూడా అదే వరస. పిల్లల జవాబు పత్రాల్లో ఎక్కువగా తారుమారయ్యేది ఈ ఒక్క గుర్తే.

ఈ ‘ఏజ్’ తోక వెనక కథ కూడా చెప్పు. 1833లో ఫ్రాన్స్‌లో పాయెన్, పెర్సో అనే రసాయన శాస్త్రవేత్తలు మొలకెత్తిన బార్లీ నుంచి స్టార్చ్‌ను విడగొట్టే పదార్థాన్ని తీసి ‘డయాస్టేజ్’ అన్నారు. గ్రీకులో వేరుచేయడం అని అర్థం. ఆ చివరి ‘ఏజ్’నే తర్వాత ఎంజైముల పేర్లకు తగిలించారు. పెప్సిన్, ట్రిప్సిన్ కూడా ఎంజైములే కానీ, ఆ పద్ధతి స్థిరపడకముందే పెట్టిన పేర్లు, అందుకే వాటికి ఆ తోక లేదు.

మాట వాడేటప్పుడు రెండు జాగ్రత్తలు. ‘ఎమైలేజ్ స్టార్చ్‌ను గ్లూకోజ్‌గా మారుస్తుంది’ అనకు. లాలాజలంలోని ఎమైలేజ్ ముఖ్యంగా మాల్టోజ్, ఇంకా కొన్ని చిన్న గ్లూకోజ్ గొలుసుల దాకా తెస్తుంది. వాటిని గ్లూకోజ్ చేసేది చిన్నపేగు గోడలోని మాల్టేజ్ లాంటి ఎంజైములు. ‘వేడికి ఎంజైమ్ చచ్చిపోతుంది’ అని కూడా వద్దు. అది ప్రాణి కాదు, ప్రోటీను. వేడికి ఆకారం చెడి పని మానేస్తుంది.

ఇక ప్రయోగం. ఒక గ్రాము స్టార్చ్‌ను కాస్త చన్నీళ్లలో కలిపి, మరుగుతున్న నీళ్లలో పోసి 100 మి.లీ. చెయ్యి. రెండు నిమిషాలు మరగనిచ్చి పూర్తిగా చల్లార్చు. ఉడకని స్టార్చ్ రేణువుల మీద ఎమైలేజ్ చాలా నెమ్మదిగా పనిచేస్తుంది. నోరు పుక్కిలించాక తీసిన లాలాజలం 1 మి.లీ.కి 9 మి.లీ. నీళ్లు చేర్చు. పరీక్షనాళికలో 5 మి.లీ. ఈ స్టార్చ్ గంజి, 1 మి.లీ. ఈ లాలాజలం పోసి 37 డిగ్రీల నీళ్లలో ఉంచు. స్టార్చ్ తగిలితే అయోడిన్ నీలమవుతుంది కాబట్టి, తెల్ల టైల్ మీద అయోడిన్ చుక్కలు వరసగా పెట్టి, నిమిషానికోసారి నాళికలోంచి ఒక చుక్క తీసి ఒక్కోదానికి కలుపు. ముందు నల్లని నీలం, తర్వాత ఊదా, ఎర్రని గోధుమ, చివరికి అయోడిన్ పసుపే మిగులుతుంది. పోల్చి చూడటానికి మరగబెట్టి చల్లార్చిన లాలాజలంతో ఇంకో నాళిక పక్కనే తప్పక ఉండాలి. నిమిషంలోనే నీలం పోతే లాలాజలాన్ని ఇంకా పలచన చెయ్యి. పావుగంటైనా మారకపోతే చిక్కగా వాడు. ఎవరి లాలాజలం వారే వాడాలి.

మోసం చేసేవి రెండు. గంజి వేడిగా ఉంటే ఎంజైమ్ లేకున్నా నీలం కనబడదు, చల్లారితే తిరిగి వస్తుంది. దీన్ని పిల్లలకు విడిగా చేసి చూపించు, బాగా గుర్తుంటుంది. రెండోది నిమ్మరసం. ఆమ్లంలో ఎమైలేజ్ పనిచేయదని చూపడానికి నిమ్మకాయ పిండితే, అందులోని విటమిన్ సి అయోడిన్ రంగునే తీసేస్తుంది. ఎంజైమ్ బ్రహ్మాండంగా పనిచేసినట్టు కనిపిస్తుంది! తెల్ల వెనిగర్ వాడు.

ఇంటి పనిగా రాగిజావ ఇవ్వు. మొలకెత్తించి ఎండబెట్టి పట్టించిన రాగిపిండి ఒక చెంచా, గోరువెచ్చగా ఉన్న చిక్కటి జావలో కలిపితే కాసేపటికి పలచబడుతుంది. మరుగుతున్న జావలో వేస్తే పలచబడదు. ఎందుకో వాళ్లనే రాయమను. పచ్చిపిండి కలిపిన జావ కాబట్టి, తాగేముందు మళ్లీ ఒక పొంగు రానివ్వమని మాత్రం మరవకుండా చెప్పు.

ఇట్లు,
మామయ్య