పాటలో సైన్సు వెతకబోయే మేనకోడలికి

అమ్మలూ,

నీ ఉత్తరం, దాంతో పాటు పంపిన పాటల జాబితా చూశాను. చంద్రుడున్నవి, నక్షత్రాలున్నవి, రాకెట్లున్నవి, గురుత్వాకర్షణని ప్రేమకి ముడిపెట్టినవి. బాగానే కష్టపడ్డావు. కానీ నువ్వు రాయాలనుకుంటున్నది పాటలకీ సైన్సుకీ ఉన్న చుట్టరికం గురించే అయితే ఆ జాబితాని ప్రస్తుతానికి పక్కన పెట్టెయ్. పాటలో చంద్రుడు వచ్చినంత మాత్రాన అందులో ఖగోళశాస్త్రం ఉన్నట్టు కాదు. పాట రాసేవాళ్లకి చంద్రుడు ఎప్పుడూ కావాలి, అందుకు టెలిస్కోపు అక్కర్లేదు.

మాటల్ని వదిలి శబ్దం దగ్గర మొదలుపెట్టు. ఇది ఇలా ఎందుకు వినిపిస్తోంది, ఎవరు ఏం చేస్తే ఇలా అయింది అని ఒక్క ప్రశ్న పట్టుకో. నీ చెవితో, నీ చేత్తో సరిచూసుకునేదాకా దాన్ని వదలకు. ఇంతకు మించి నేను చెప్పబోయేది పెద్దగా లేదు. మిగతాదంతా దాన్ని ఎలా చెయ్యాలన్నదే.

ఆటో-ట్యూన్‌తో, అంటే గొంతు శ్రుతిని సరిదిద్దే సాఫ్ట్‌వేర్‌తో, మొదలుపెట్టమంటాను. ఈ రోజుల్లో గొంతు మరమనిషిలా పలికే పాట వినని వాళ్లు లేరు కాబట్టి పరిచయం చెయ్యాల్సిన పని లేదు. దాన్ని తయారుచేసిన ఆండీ హిల్డెబ్రాండ్ అంతకుముందు చేసిన పని చమురు వెతకడం. నేలలోకి ప్రకంపనలు పంపి, లోపలి పొరలకి తగిలి తిరిగొచ్చే తరంగాల్ని పట్టుకుని, ఏ లోతున ఏముందో లెక్కగట్టే రంగం అది. అక్కడ పనికొచ్చిన గణితాన్నే గొంతు మీద పెట్టి 1997లో ఈ సాఫ్ట్‌వేర్ తెచ్చాడు. కథ ఇక్కడితో ఆపేస్తే "భలే ఉందే" అని చదివినవాళ్లు వెళ్లిపోతారు. నువ్వు ఆపకు. ఆ గణితమేమిటో చూడు, అదేం బ్రహ్మవిద్య కాదు. గొంతు తరంగానికి ఒక నకలు తీసి, అసలు దాని పక్కన పెట్టి కొద్దికొద్దిగా జరుపుకుంటూ పోవాలి. ఎంత జరిపాక నకలు మళ్లీ అసలుతో సరిగ్గా కలుస్తుందో ఆ వ్యవధే ఒక ఆవృత్తి. అది తెలిస్తే శ్రుతి తెలిసినట్టే.

దీన్ని నువ్వే చేసి చూడొచ్చు. కంప్యూటర్‌లో ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకో. "ఆ..." అని కదలకుండా కొన్ని సెకన్లు రికార్డు చేసి, బొమ్మని బాగా జూమ్ చెయ్. ఒకే ఆకారం మళ్లీ మళ్లీ వస్తుంటుంది. ఒక పెద్ద శిఖరం, పక్కన రెండు మూడు చిన్నవి, మళ్లీ అదే పెద్ద శిఖరం. అలాంటివి పది లెక్కపెట్టి ఎంతసేపు పట్టిందో చూడు. పదికి 45 మిల్లీసెకన్లు పట్టిందనుకో, ఒక్కోదానికి నాలుగున్నర. అంటే సెకనుకి దాదాపు 222 సార్లు. 220 హెర్ట్జ్ స్వరం, అంటే సెకనుకి 220 సార్లు ఊగేది, పాడబోయి పిసరంత పైకి వెళ్లావన్నమాట. ఆటో-ట్యూన్ చేసేది ఆ 222ని 220కి లాగడమే. నెమ్మదిగా లాగితే ఎవరూ కనిపెట్టలేరు. లాగే వేగాన్ని చివరికంటా తిప్పేస్తే స్వరం నుంచి స్వరానికి జారాల్సిన గొంతు మెట్లెక్కినట్టు టక్కున మారుతుంది. 1998లో షేర్ అనే గాయని పాడిన 'బిలీవ్' పాటతో లోకానికి తెలిసిన చప్పుడు ఇదే.

ఆ పాటలో నువ్వు నేర్చుకోవాల్సింది ఇంకోటి ఉంది. ఆ గొంతు ఎలా వచ్చిందని అప్పట్లో ఒక పత్రిక అడిగితే, పాట తయారుచేసినవాళ్లు వోకోడర్ (గొంతుని యంత్రం పలికినట్టు మార్చే పాతకాలపు పరికరం) తరహాది వాడామని చెప్పారు. అసలు కిటుకు బయటపెట్టడం ఇష్టం లేక! కాబట్టి "చేసినవాళ్లే చెప్పారు కదా" అన్న ధీమా పెట్టుకోకు. వాళ్లు చెప్పింది శబ్దంతో పొసగుతోందా లేదా అని విని చూడు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన పరీక్ష చెబుతాను. ఆడాసిటీలోనే 600, 800, 1000 హెర్ట్జ్ టోన్లు మూడు వేర్వేరు ట్రాకుల్లో తయారుచెయ్. మూడూ ఒకేసారి మొదలయ్యేలా పెట్టి, సౌండ్ మరీ పెంచకుండా విను. చాలామందికి వాటి కింద 200 హెర్ట్జ్ స్వరం ఒకటి వినిపిస్తుంది. నువ్వు 200 ఎక్కడా పెట్టలేదు. శబ్దంలో ఏయే హెర్ట్జ్‌లు ఎంతెంత ఉన్నాయో చూపే స్పెక్ట్రమ్ బొమ్మ తీసి చూసినా అక్కడ గీత ఉండదు. మరి ఎక్కడి నుంచి వచ్చింది? ఐదు మిల్లీసెకన్లలో మొదటి టోన్ 3 సార్లు, రెండోది 4 సార్లు, మూడోది 5 సార్లు ఊగుతాయి. అంటే మూడూ కలిసిన తరంగం ప్రతి ఐదు మిల్లీసెకన్లకీ మళ్లీ మొదటికొస్తుంది. ఐదు మిల్లీసెకన్లకోసారి అంటే సెకనుకి 200. చెవీ మెదడూ కలిసి ఆ ఆవృత్తిని పట్టుకుని దానికో స్వరం కట్టేస్తాయి. పాత టెలిఫోన్లు దాదాపు 300 హెర్ట్జ్ కంటే దిగువ శబ్దాల్ని పంపేవి కావు. మగవాళ్ల గొంతు మూలస్వరం, అంటే అన్నిటికంటే దిగువది, తరచూ నూరు, నూటయాభై హెర్ట్జ్ మధ్యలోనే ఉంటుంది. అయినా అవతల మాట్లాడే బాబాయి గొంతు శ్రుతి మనకి మామూలుగానే వినిపించేది. ఫోన్‌కున్న బుల్లి స్పీకర్‌లో బేస్ గిటార్ ఏ స్వరం మీద నడుస్తోందో తెలియడం వెనక కూడా చాలావరకు ఉన్నది ఇదే. కొందరికి మాత్రం మూడు టోన్లు విడివిడిగానే వినిపిస్తాయి, 200 వినపడదు. ముందుగా ఏమీ చెప్పకుండా ఇంట్లో ఒక్కొక్కరికీ వినిపించి, విన్న స్వరాన్ని పాడమని అడుగు. ముందే చెప్పేశావంటే అందరూ 200 వినిపిస్తోందనే అంటారు.

ఇంతవరకూ వచ్చాక డోళ్ల సంగతి దానంతటదే ఎదురవుతుంది. మామూలు డ్రమ్ము చర్మం 1, 1.59, 2.14, 2.30 లాంటి వంకర నిష్పత్తుల్లో కంపిస్తుంది. ఇందాకటి 3, 4, 5 లాగా ఇవి పూర్ణసంఖ్యలు కావు, అందుకే దాంట్లో స్పష్టమైన శ్రుతి పలకదు. తబలా, మృదంగాల్లో మాత్రం మూత మీద వేసిన నల్లటి పూత బరువు వల్ల ఆ నిష్పత్తులు 1, 2, 3, 4, 5కి దగ్గరగా వస్తాయి. దీన్ని సి.వి. రామన్ తన సహచరుడితో కలిసి 1920లోనే 'నేచర్' పత్రికలో రాశారు. అప్పటికి నోబెల్ రావడానికి ఇంకా పదేళ్లుంది. సినిమా పాటలో తబలా మోగినప్పుడు దాన్ని పాట శ్రుతికి కలపడం ఎందుకు సాధ్యమైందో ఇక్కడి నుంచి రాసుకుంటూ పోవచ్చు. దీనికి విడిగా ఒక వ్యాసమే కావాలి.

నీ జాబితా చివర "సైంటిస్టు అయిన గిటారిస్టు" అని బ్రయన్ మే పేరు రాశావు. లండన్ ఇంపీరియల్ కాలేజీలో మొదలుపెట్టి, క్వీన్ అనే రాక్ బ్యాండు కోసం మధ్యలో వదిలేసిన పరిశోధనని 2007లో పూర్తిచేసి డాక్టరేట్ తీసుకున్నాడన్నది నిజమే. విషయం సౌరకుటుంబంలోని ధూళి. కానీ ధూళికీ గిటారుకీ ఏం సంబంధం? అది రాస్తే ఒక మనిషి జీవితవిశేషం అవుతుంది తప్ప పాటలోకి వెళ్లినట్టు కాదు. అదే మనిషి దగ్గర అసలు సరుకు వేరే చోట ఉంది. 1977లో వచ్చిన 'వి విల్ రాక్ యు' పాటలో వేలమంది కాళ్లతో తొక్కుతూ చప్పట్లు కొడుతున్నట్టు ఉంటుంది చూడు, స్టూడియోలో ఉన్నది కొద్దిమందే. ఆ చప్పుడుని మళ్లీ మళ్లీ రికార్డు చేసి, ఒక్కో పొరనీ కొంచెం ఆలస్యంగా కలిపారు. ఆ ఆలస్యాలు ప్రధాన సంఖ్యల నిష్పత్తిలో ఉండేలా చూశానని ఆయనే ఒక రేడియో ఇంటర్వ్యూలో చెప్పాడు. ఆలస్యాలన్నీ సమానంగా ఉంటే ప్రతిధ్వనిలా వినిపిస్తుంది. ఒకదానికొకటి కుదరకపోతే జనం అక్కడొకరు ఇక్కడొకరు నిలబడినట్టు ఉంటుంది. మే మాటని కూడా నమ్మి ఊరుకోకు. నీ చప్పట్లు రికార్డు చేసి, ముందు 20, 40, 60, 80 మిల్లీసెకన్ల ఆలస్యంతో కలుపు, తర్వాత 23, 37, 59, 83తో కలుపు. తేడా నీకు వినిపిస్తేనే రాయి.

పాటల్లో సైన్సు తప్పులు పట్టడం సరదాగానే ఉంటుంది కానీ అదే పనిగా పెట్టుకోకు, చదివేవాళ్లకి విసుగు. ఒక్క ఉదాహరణ మాత్రం తీసుకోవచ్చు, ఎందుకంటే అది రెండు వైపులా పదునున్నది. 2005లో కేటీ మెలువా అనే గాయని తన పాటలో విశ్వం అంచు 1200 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉందనీ, అది ఊహేననీ పాడింది. సైన్సు రచయిత సైమన్ సింగ్ పత్రికలో అభ్యంతరం చెప్పాడు: అది ఊహ కాదు, కొలిచిన అంకె, 1370 కోట్లు అని. ఆ అమ్మాయి కోపం తెచ్చుకోకుండా అతను సవరించిన మాటలతో మళ్లీ పాడింది కూడా. కానీ 1370 కోట్లన్నది అప్పటి లెక్క ప్రకారం విశ్వం వయసు, సంవత్సరాల్లో. ఈలోగా విశ్వం వ్యాకోచిస్తూనే ఉంది కాబట్టి మనం చూడగలిగిన మేర అంచు ఇప్పుడు సుమారు 4600 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉంటుంది. తప్పు దిద్దబోతే దిద్దుబాటుని కూడా ఎవరో ఒకరు దిద్దుతారు, చూసుకో.

ఇక ప్రచారంలో ఉన్న కథలు. 432 హెర్ట్జ్‌కి శ్రుతి చేస్తే విశ్వంతో లయ కలుస్తుందని నీకు ఎవరో ఒకరు తప్పకుండా పంపిస్తారు. హెర్ట్జ్ అంటే సెకనుకి ఎన్నిసార్లు అనే కదా. సెకను మనం పెట్టుకున్న కొలత. విశ్వానికి దాంతో పనేముంది? ఇప్పుడు మామూలుగా శ్రుతి చేసే 440 కూడా పవిత్రమేమీ కాదు, వాద్యాలన్నీ కలవాలని 1939లో లండన్‌లో కూర్చుని ఒప్పుకున్న అంకె. అలాగే బీటిల్స్ అనే బ్రిటిష్ బ్యాండు పాటల డబ్బుతోనే సీటీ స్కానర్ పుట్టిందనే కథ. స్కానర్ తయారుచేసిన గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ పనిచేసిందీ, బీటిల్స్ రికార్డులు అమ్మిందీ ఈఎమ్ఐ అనే ఒకే కంపెనీ. అంతవరకు నిజం. 1979లో ఆయనకి నోబెల్ వచ్చిందీ నిజమే. అయితే ఆ పనికి బ్రిటన్ ఆరోగ్య శాఖ పెట్టిన డబ్బు కంపెనీ పెట్టినదానికంటే ఎక్కువని తర్వాత లెక్కలు తీసినవాళ్లు చూపించారు. ఇలాంటి కథ వినగానే నోరూరితే ఒక రోజు ఆగు. డబ్బు, తేదీలు, మనుషులు మూడూ విడివిడిగా సరిపోతేనే వాడుకో.

రాసేటప్పుడు శబ్దం ముందు, వివరణ తర్వాత. చదివేవాళ్లకి ఏ పాట, ఎన్నో నిమిషం, ఎన్నో సెకను అన్నది చెప్పి, వినమని చెప్పి, అప్పుడు నీ మాట మొదలుపెట్టు. సూత్రాలు రాయడానికి భయపడకు, కానీ ఒక వ్యాసానికి ఒకటి చాలు. నీ జాబితాలో నలభై పాటలున్నాయి. అందులో ఒక్కటి ఎంచుకుని, పది ఆవృత్తులకి ఎన్ని మిల్లీసెకన్లు వచ్చాయో, మూడు టోన్ల పరీక్షలో ఇంట్లో ఎవరు ఏ స్వరం పాడారో రాసి పంపు. మీ అమ్మకి 200 వినపడదని నా అనుమానం. చిన్నప్పటి నుంచీ అది ఏ శబ్దాన్నైనా ముక్కలు ముక్కలుగానే వింటుంది. నా అనుమానం తప్పో ఒప్పో కూడా అందులోనే రాయి.

ఆశీస్సులతో,
మీ మావయ్య